క్లచ్‌కు పోసిన ఆముదం

"పది దినాలు గూడ కాలే జహంగీర్ భాయ్, క్లచ్ మళ్ల జారుతుంది. ఇంజను మొత్తుకుంటది, బండి కదలదు. గిదేనా నువ్వు చేసిన పని?"

"పని నాదే. నూనె నాది కాదు. కిందికి దూరి చూసిన గద, ప్లేట్ ఉన్న డబ్బా నుంచి నూనె కారుతుంది. క్లచ్ ప్లేటుకు నూనె పెట్టే మనిషినా నేను?"

"మరెవరు పెట్టిన్రు? మా ఇంట్ల దయ్యాలు తిరుగుతున్నయా?"

"గది బండి ఇచ్చిననాడే చెప్పిన, నువ్వు ఇనలే. మీ ఖాందాన్‌కు ఇది అలవాటే. మా నాయినను గూడ మీ ముత్తాత గిట్లనే నలుగుట్ల నిలబెట్టి అడిగిండు. నీ చేతిల బరకత్ లేదన్నడు. ఆ మాట మా నాయిన కబర్ దాకా మోసిండు."

"మా ముత్తాత ముచ్చట నాకెందుకు? ఇగో, ఫోన్ల పెడుతున్న సూడు. సిటీల పాత కార్లున్నోళ్లందరు ఉన్నరు ఈ గ్రూపుల. ఇగ నీ దగ్గరికి ఎవడొస్తడో చూస్త."

"పెట్టు. ఫోటో గూడ పెట్టు. పేరు మాత్రం సరిగ్గ రాయి."

ఈ లొల్లి మొన్న మధ్యాహ్నం కార్వాన్‌లో మా ఇంటి ముందర జరిగింది. మొదటి గొంతు నా మనవడు నరేశ్‌ది. రెండోది బహదూర్‌పురాలో మోటారు పనులు చేసే జహంగీర్‌ది. ఇద్దరి మధ్య నిలబడి ఉన్నది మా నాన్న కొన్న తెల్ల అంబాసిడర్. నేను గడప లోపల కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. నా వాకిట్లో ఎవరైనా గొంతు పెంచితే నేను లేచి వస్తానని గల్లీ అందరికీ తెలుసు. ఆ రోజు లేవలేదు. బరకత్ అన్న మాట చెవిన పడగానే వేళ్లు ఆగిపోయాయి. పాతబస్తీలో పనిచేసే మనిషికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. నీకు పని రాదంటే నేర్చుకోవచ్చు. నీ చేతిలో బరకత్ లేదంటే, నువ్వు ముట్టినదేదీ నిలవదని. జహంగీర్ నాన్న ఖాజా ఉస్తాద్‌ను మా నాన్న ఆ మాట అన్నది నా మూలాన. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను నాలుగో తరగతి దాకే చదివాను. ఇది రాస్తున్నది కూడా నరేశ్ కూతురి పాత పరీక్ష కాగితాల వెనకవైపు. తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నా వల్ల కాదు. ఒత్తులు తప్పితే ఆ పిల్లే దిద్దుతుంది. కాని చెప్పవలసింది చెప్పడంలో నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

మా నాన్న మల్లయ్యను నేను బాపు అనేదాన్ని. పద్దెనిమిది బర్రెలుండేవి. ఇల్లు, కొట్టం ఒకే గోడకు ఇటూ అటూ. అన్నం తింటుంటే బర్రెలు నెమరువేసే చప్పుడు వినిపించేది. బట్టలకు, జుట్టుకు, పుస్తకాలకు కూడా కుడితి వాసన. బడిలో నా పక్కన కూర్చోవడానికి పిల్లలు ముక్కు మూసుకునేవారు, అందుకే బడి మానిపించినప్పుడు నేనేమీ బాధపడలేదు. ఇంటికి పెద్ద మా అవ్వ, అంటే బాపు తల్లి. ఏ బర్రె ఎంత ఇచ్చిందో, ఏది మేత ముట్టలేదో చూడకుండానే చెప్పేది. తవుడు తూచి పోసేది. నూలు దారం ముక్క దొరికినా చుట్టి గూట్లో పెట్టేది. నా పొదుపు ఆమె నుంచి వచ్చిందే. మిగతా పాలవాళ్లలో ఎక్కువమంది సైకిళ్లకు క్యాన్లు కట్టుకుని వెళ్లే రోజుల్లో బాపు, బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ ఆఫీసరు దగ్గర ఈ కారు కొన్నాడు. వెనక సీటు పీకించి అక్కడ పాల క్యాన్లు నిలబెట్టాడు. పీకిన సీటును అవ్వ పారేయనివ్వలేదు, వరండాలో వేయించి దాని మీద కూర్చునేది. బతికినన్నాళ్లూ ఆమె కారెక్కలేదు కాని కారు సీటు దిగలేదు.

గల్లీలో అందరూ దాన్ని బర్రెల కారు అని నవ్వేవారు. మాకు కూడా అది పంతొమ్మిదో బర్రెలాంటిదే. బర్రెలను కడిగిన తర్వాత అదే గడ్డి చుట్టతో, అదే నీళ్లతో దాన్నీ రుద్దేవాళ్లం. బర్రెల మెడలో కట్టినట్టే ముందు బంపరుకు నల్లదారం. దాని రోగాలు కూడా మేం బర్రె భాషలోనే చెప్పుకునేవాళ్లం. పొద్దున స్టార్ట్ కాకపోతే ఇయ్యాల లేస్తలేదు అనేవాడు బాపు. పెట్రోలు ఎక్కువ తాగితే మేత ఎక్కువైందని, నల్లపొగ వస్తే తిన్నది అరగలేదని. నన్ను బడి మానిపించింది ఆ కారు కోసమే. వెనక క్యాన్ల మధ్య పీట మీద కూర్చుని, పావుసేరు లోటాతో పాలు కొలిచి ఇళ్లకు, చాయ్ హోటళ్లకు పోయడం నా పని. పురానాపూల్ దాటి, హుస్సేనీ ఆలం మీదుగా లాడ్ బజార్ దాకా తిరిగేవాళ్లం. అప్పుడే తెరుస్తున్న గాజుల దుకాణాల ముందు నీళ్లు చల్లేవారు. లక్క కరిగించే పొయ్యిల వాసన వచ్చేది. మా గల్లీలో నా ఈడు ఆడపిల్లలు పిడకలు కొడుతుంటే, నేను మోటారులో ఊరు చూస్తున్నాను. ఆ పీట వదులుకోవడానికి నేను దేనికీ సిద్ధంగా లేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను చేసిందంతా దీనికోసమే.

కారుకు ఏమైనా అయితే ఖాజా ఉస్తాద్ వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. కార్వాన్ పాలవాళ్ల స్కూటర్లు, టెంపోలు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. అవ్వ ఆయనకు చాయ్ పోసే గ్లాసు విడిగా గూట్లో బోర్లించి పెట్టేది. అప్పుడు అది మాకు మర్యాదలాగే కనిపించింది. ఇప్పుడు రాస్తుంటే బాగాలేదు.

ఒకసారి క్లచ్ తొక్కినప్పుడల్లా కీచుమని అరవడం మొదలైంది. గేరు పడేది కాదు. ఉస్తాద్ వచ్చి, గేరు డబ్బా దించి, అరచేతిలో ఓ నల్లటి ముక్క పెట్టి చూపించాడు. క్లచ్ తొక్కితే లోపల ఒత్తే బొగ్గు బిళ్ల అది, పూర్తిగా అరిగిపోయింది.

"మల్లయ్యన్నా, క్లచ్ మీద కాలు పెట్టుకొని నిద్రపోతున్నవ్. అది పీట కాదే" అన్నాడు.

"గల్లీలల్ల అడుగుకో మనిషి అడ్డమొస్తే కాలు ఎక్కడ పెట్టాలె ఖాజా భాయ్, నెత్తి మీదనా?"

"కింద పెట్టు. అవసరమైనప్పుడే తొక్కు. కొత్తది ఏసిన. నాలుగు దినాలు బిగువుంటది, తర్వాత అదే సాఫ్ అయితది. ఫికర్ చెయ్యకు."

కాళ్ల దగ్గరుండే రేకు మూత స్క్రూలు అరిగిపోయాయని, మరునాడు కొత్తవి తెచ్చి బిగిస్తానని, మూతను ఊరికే పైన పెట్టి వెళ్లాడు. సాయంత్రం బాపు మోకాలు పట్టుకుని అవ్వతో, క్లచ్ మస్తు బిగుసుకుంది, తొక్కుతుంటే మోకాలు గుంజుతుంది అన్నాడు. నేను విన్నాను. మా ఇంట్లో బిగుసుకున్నదానికి ఒకటే మందు. అవ్వ మోకాళ్లకు ఆముదం. తలుపు బందులకు ఆముదం. బర్రె కడుపు బిగిస్తే వెదురు గొట్టంతో గొంతులోకి ఆముదం. ఆ గొట్టం చివర ఏటవాలుగా కోసి ఉంటుంది, బర్రె దవడ పక్క నుంచి దూర్చి పోస్తారు. అందరూ పాలు పిండుతున్న వేళ చూసి, నేను గొట్టం నిండా ఆముదం తీసుకుని కారెక్కాను. రేకు మూత తీశాను. పెడలు కదిలితే కదిలే ఇనుప కడ్డీ, అది లోపలికి దూరే సందు కనిపించాయి. బర్రెకు పోసినట్టే సందులోకి గొట్టం దూర్చి, మెల్లగా, కిందపడకుండా పోశాను. ఇంకో గొట్టం కూడా పోశాను. రెండు చేతులతో పెడలు నొక్కి చూస్తే మెత్తబడ్డట్టే అనిపించింది. మూత పెట్టేసి, చేతులు పావడాకు తుడుచుకుని, చాలా మంచి పని చేశానని కొట్టంలోకి వెళ్లాను.

చదువుకున్నవాళ్లకు కూడా చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. క్లచ్ అనేది ఇంజను తిరుగుడును చక్రాలకు అందించే పళ్లెం. అది పొడిగా ఉంటేనే పట్టు. నూనె తగిలితే, జిడ్డు చేతులతో చెంబు పట్టుకున్నట్టే, జారిపోతుంది. బండిలో నూనె పోయవలసిన చోట్లు చాలా ఉన్నాయి. పోయకూడని చోటు చూసి మరీ పోశాను.

మరునాడు పొద్దున మా గల్లీ దాటేదాకా బాగానే నడిచింది. పురానాపూల్ వంతెన ఎక్కేచోట ఇంజను గట్టిగా అరిచింది కాని బండి ముందుకు కదలలేదు. బాపు ఇంకా తొక్కాడు. కాలిన వాసన వచ్చింది. నిండు క్యాన్ల బరువుకు బండి మెల్లగా వెనక్కి జారింది. వెనక టాంగా ఒకటి, కూరగాయల బండ్లు రెండు, వాళ్ల తిట్లు. నేను దిగి చక్రం కింద రాయి పెట్టాను. తోపుడు బండి మాట్లాడి క్యాన్లు ఎక్కించేసరికి ఎండెక్కింది, హోటళ్ల వాళ్లు వేరే చోట పాలు తీసుకున్నారు. మిగిలిన పాలన్నీ ఆ సాయంత్రం పెద్ద కడాయిలో కోవా చేసింది అవ్వ. గల్లీ పిల్లలంతా పండగ అనుకుని దోసిళ్లు పట్టారు.

కారును కొట్టం దాకా తోయించుకొచ్చి, ఆ మధ్యాహ్నమే ఖాజా ఉస్తాద్‌ను పిలిపించారు. మళ్లీ గేరు డబ్బా దించాడు. ప్లేటు బయటికి తీసి, వేలితో తుడిచి, వాసన చూసి, మళ్లీ చూశాడు. అదంతా మాడిపోయి ఉంది. కొట్టం ముందు పాలవాళ్లంతా చేరారు.

"నూనెల మునిగింది మల్లయ్యన్నా. నేను నూనె పెట్టలే."

"నువ్వు పెట్టకపోతే బర్రె పెట్టిందా?"

అందరూ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు.

"అల్లా కసమ్, నా చేతి పని గిట్ల ఉండదు. ఏం జరిగిందో నాకు సమజైతలేదు. రెండు దినాలు టైమియ్యి, చూస్త."

"చూసింది చాలు. నీ చేతిల బరకత్ పోయింది ఖాజా భాయ్. ఇగ నా బండి ముట్టకు."

నేను బాపు వెనకే నిలబడి ఉన్నాను. గొట్టం కొట్టంలో కొక్కానికి వేలాడుతూ కనిపిస్తూనే ఉంది. నోరు తెరిస్తే దెబ్బలు పడతాయని కాదు, బాపు నన్నెప్పుడూ కొట్టలేదు. ఇక ఈ పిల్ల కారు ముట్టొద్దంటాడని. రేపటి నుంచి పిడకలు. అంతే నా లెక్క. ఉస్తాద్ సామాను గుడ్డలో చుట్టుకుని, గ్లాసులో చాయ్ అట్లాగే వదిలేసి వెళ్లాడు. ఆ వారంలోనే ఒకరి తర్వాత ఒకరు పాలవాళ్లందరూ బండ్లు వేరే చోటికి తోలారు. మల్లయ్య అన్న మాట వాళ్లకు వేదం. ఉస్తాద్ మళ్లీ మా గల్లీకి రాలేదు. బహదూర్‌పురాలోనే దుకాణం నడుపుకున్నాడని, చిల్లర పనులతో సరిపెట్టుకున్నాడని వింటుండేదాన్ని. వినేదాన్ని, లేచి నా పని చూసుకునేదాన్ని. నా పీట నాకు దక్కింది. పెళ్లయ్యేదాకా దాని మీదే కూర్చున్నాను. నేను ఒక్కదాన్నే కూతురిని కాబట్టి మా ఆయన ఇల్లరికం వచ్చాడు, ఇల్లు, కారు రెండూ నాకే మిగిలాయి. బర్రెలు పోయాయి. కారు చాలా ఏళ్లు రేకుల కింద గడ్డిమోపుల మధ్య ఉంది. నరేశ్ దాన్ని బయటికి లాగి, రంగు వేయించి, ఇప్పుడు పెళ్లికొడుకుల ఊరేగింపులకు తిప్పుతున్నాడు. ఇంత పాత బండికి పని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడని ఎవరో చెబితే బహదూర్‌పురా తీసుకెళ్లాడు. ఆ ఒక్కడు ఖాజా ఉస్తాద్ కొడుకని వాడికి తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు.

మా కాలమంతా మంచిదనే ముసలివాళ్లలో నేను లేను. అప్పుడూ మనిషి పేరు పాడుచేయడానికి ఒక్క మాట చాలు. తేడా ఒకటే. అప్పుడు ఆ మాట గల్లీ నుంచి గల్లీకి నడిచి వెళ్లేది, నడిచేలోగా నేను పరుగెత్తి పట్టుకోగలిగేదాన్ని. వారం రోజుల వ్యవధి ఉంది నాకు. ఇప్పుడు బొటనవేలితో నొక్కితే ఊరంతా పాకుతుంది. అయితే ఇప్పుడు రాసింది వేలితోనే చెరిపేయవచ్చు కూడా. మా బాపు అన్నది ఎవరూ చెరపలేదు.

జహంగీర్ వెళ్లిపోయాక నరేశ్‌ను లోపలికి పిలిచాను.

"మొన్న బండి ఇచ్చేటప్పుడు ఆయన ఏం చెప్పిండు?"

"ఏమో సీల్ అన్నడు నానమ్మా. ఇంజను వెనక నూనె ఆపే సీల్ పాతగైంది, ఇప్పుడే మార్చితే మంచిది అన్నడు. తర్వాత చూద్దామన్న."

"ఎందుకు?"

"నువ్వే గద చెప్తవు, నడుస్తున్నదాన్ని ముట్టొద్దని."

అది నా మాటే. రోజుకు పదిసార్లు చెప్పే మాట. "అయితే ఆ సీల్ కారింది. నూనె అక్కడి నుంచి వచ్చింది. ఆయన చెప్పిండు, నువ్వు ఇనలే. మరి ఆయనను ఎందుకు తిట్టినవ్?"

"అప్పుడు ఆ మాట ఖయాల్‌కు రాలే నానమ్మా. రేపు ఊరేగింపుంది, కోపమొచ్చింది."

"ఫోన్ల రాసినవా?"

"రాసిన."

"తీసెయ్. నా ముందట తీసెయ్."

తీసేశాడు. అప్పుడు వాడికి మొత్తం చెప్పాను. వెదురు గొట్టం దగ్గరికి వచ్చేసరికి వాడికి నవ్వొచ్చింది, నా ముఖం చూసి ఆపుకున్నాడు.

"చిన్నపిల్లవి గద నానమ్మా. ఆ ముసలాయన పోయిండు, మీ బాపు పోయిండు. ఇప్పుడు తవ్వుడెందుకు? ఉన్న పేరు పోతది."

"పోనీ. నా పేరే గద, నా ఇష్టం. పొద్దుగాల ఆటో పిలువు."

మరునాడు తొమ్మిదింటికి బహదూర్‌పురా చేరాం. జహంగీర్ అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. పక్క దుకాణాల వాళ్లు బయట నిలబడి చాయ్ తాగుతున్నారు. వాళ్లందరికీ వినపడేట్టు చెప్పాను.

"జహంగీర్, నేను మల్లయ్య బిడ్డను, సత్తెమ్మను. మీ నాయిన పనిల తప్పు లేకుండె. ఆ క్లచ్‌ల ఆముదం పోసింది నేను. పదకొండేండ్ల పిల్లను. అప్పుడు చెప్పలే, ఇన్నేండ్లు గూడ చెప్పలే. నిన్న నా మనవడు అన్నది గూడ తప్పే."

అతను తాళం చెవులు జేబులో వేసుకున్నాడు.

"ఆముదమా?"

"ఆముదమే. బర్రెకు పోసే గొట్టంతో పోసిన."

చాయ్ తాగుతున్నవాళ్లలో ఒకతను నవ్వబోయి ఆగాడు. జహంగీర్ నరేశ్ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. షట్టర్ వైపు చూస్తూ అన్నాడు. "నాకు చెప్తే ఏమొస్తదమ్మా. మా అమ్మీ ఉన్నది పైన. ఆమెకు చెప్పు."

మెట్లు నిటారుగా ఉన్నాయి. నరేశ్ చేయి ఇవ్వబోతే వద్దన్నాను. ఖాజా ఉస్తాద్ భార్య మంచం మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. నేనెవరో జహంగీర్ చెప్పాడు. ఆమె పొట్టు తీయడం ఆపలేదు. నాకు వచ్చిన ఉర్దూలో చెప్పాను. రేకు మూత, గొట్టం, ఆముదం, పురానాపూల్, కొట్టం ముందు నవ్విన మనుషులు, బాపు వెనక నోరు మూసుకుని నిలబడ్డ నేను.

"ఫిర్ సే బోలో" అంది ఆమె.

మళ్లీ చెప్పాను. ఈసారి ఆమె చేతులు ఆగాయి. చివరిదాకా విని, వెల్లుల్లి పళ్లెం పక్కన పెట్టి, పక్కింట్లో ఉండే పెద్ద కొడుకును, కోడళ్లిద్దరినీ, ఇంట్లో ఉన్న మనవలను అందరినీ పిలవమంది. వాళ్లు వచ్చి గోడ పొడుగునా నిలబడేదాకా ఆగింది. తర్వాత నావైపు చేయి చూపించి, ఇప్పుడు చెప్పమంది.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే మూడోసారి చెప్పాను, మొదటి నుంచి, ఏదీ వదలకుండా.